అలుపు మీద సుంకం

వంద డాలర్ల నోటు మీద బొమ్మగా ఉండే బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1737లో తన పెన్సిల్వేనియా గెజెట్ పత్రికలో ఒక పట్టిక అచ్చేశాడు. తాగినవాణ్ణి తాగినవాడని అనకుండా ఇంకెన్ని రకాలుగా అనొచ్చో చెప్పే పట్టిక అది. రెండు వందలకు పైగా మాటలు తేలాయి. మెరుపులో కరెంటు ఉందా లేదా అని ఆరా తీసిన మనిషి కాబట్టి ఓపికగా పోగేశాడు. పాపం, ఒక్క సాయంత్రం కోరుట్ల బస్టాండు దగ్గర నిలబడి ఉంటే ఆయన పని పట్టికతో తెగేది కాదు, రెండో సంపుటం కూడా అచ్చెయ్యాల్సి వచ్చేది.

మా దగ్గర తాగుడుకు మాటల కరువు లేదు. నైంటీ ఒకటి పడితే ‘జర ఏసిండు’. కోటరు దాటితే ‘ఫుల్లున్నడు’. స్టాండు తీయకుండానే బండి నడుపుతున్నాననుకుంటే ‘టైటయిండు’. పెండ్లి బరాతులో డీజే బండి ముందు చొక్కా విప్పి బావమరిదిని ముద్దు పెట్టుకుంటే ‘లోడెక్కువైంది’. మోరీ పక్కన ఒరిగితే ‘ఔటయిండు’. ఒరిగినచోటే తెల్లారితే ‘సోయి లేదు’. పొద్దున షిఫ్టుకు ఎందుకు రాలేదని ఆసామి ఫోన్ చేస్తే ఇంటామె ఎత్తి, ‘పెయ్యి మంచిగ లేదటన్నా’ అంటుంది. ఇన్ని మాటల్లో అచ్చమైన నిజం ఆ చివరిదొక్కటే.

ఇంగ్లీషువాళ్ల సరుకు వేరే తీరు. హ్యామర్డ్, ప్లాస్టర్డ్, స్మాష్డ్ అంటారు. ఒకటి సుత్తె దెబ్బ, ఒకటి గోడకు పూత, ఒకటి ముక్కలు చేయడం. చెబుతున్నది మందు తాగిన మనిషి సంగతో, మేస్త్రీ చేతిలో పడ్డ పాత ఇంటి సంగతో తెలియదు. అలిసిపోయినవాడికి కూడా ఆ గోదాములోంచే మాటలు తీస్తారు. షాటర్డ్ అంటే అలిసినోడు. రెక్డ్ అంటే అలిసినోడైనా కావచ్చు, తాగినోడైనా కావచ్చు, వాసన చూసి తేల్చుకోవాలి. నాకర్డ్ అనే మాట మరీ కరుకు. పనికి చాలని ముసలి గుర్రాలను కొని కోసేవాణ్ణి వాళ్లు నాకర్ అనేవాళ్లు. ఒళ్లు హూనమైన మనిషి ఆ గుర్రాల వరసలో తనంత తాను వెళ్లి నిలబడతాడన్నమాట. చదువుకని లండన్ పోయి రాత్రుళ్లు గోదాముల్లో డబ్బాలు మోసే మా జగిత్యాల పిల్లలు వాట్సాప్ స్టేటస్‌లో ‘నాకర్డ్ బ్రో’ అని పెడతారు. ఇక్కడ వాళ్ల బాపులు అదేదో ప్రమోషన్ అనుకొని చుట్టాలకు చూపిస్తారు.

అలిసినోడికీ తాగినోడికీ ఒకే మాట వాడితే భాషకు బద్ధకం అనుకోవచ్చు. మన సర్కారు దగ్గర మాత్రం అది ఆర్థిక విధానం. అలిసినోడు తాగుతాడు. తాగినోడు సుంకం కడతాడు. సుంకం కట్టినోడు పండుకుంటాడు. పండుకున్నోడు ధర్నాకు రాడు. ఈ నాలుగు మెట్లు ఎక్కడం వచ్చినవాళ్లే ఏ పార్టీలో ఉన్నా బడ్జెట్ రాస్తారు.

మొదటి మెట్టు చూడాలంటే సిరిసిల్లకు పోవాలి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. వేల సాంచాలున్నాయి, ఎక్కువగా పాలిస్టర్ బట్ట. పొద్దు ఏ పక్కనుందో తెలియని షెడ్డులో 12 గంటల షిఫ్టు. ఒక్కో మనిషి ఎనిమిది, పది సాంచాల నడుమ తిరుగుతూ తెగిన పోగు అతుకుతూ, కండె మారుస్తూ ఉంటాడు. కూర్చోవడానికి జాగా ఉండదు, ఉన్నా తీరిక ఉండదు. ఆ చప్పుడులో పక్కవాడితో మాట్లాడాలంటే సైగలే గతి. కూలి మీటరు లెక్క. కరెంటు పోతే దేవుడిచ్చిన సెలవు, కాకపోతే ఆ సెలవుకు దేవుడు కూలి ఇవ్వడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి అని షిఫ్టు మారుతుంటే ఎప్పుడు ఆకలి వేయాలో కడుపుకు తెలియదు, ఎప్పుడు మూతపడాలో కంటికి తెలియదు. అట్లాంటి మనిషి బయటికొచ్చేసరికి ఎదురుగా వెలుగుతున్న బోర్డు ఒక్కటే ఉంటుంది. దాని మీద ‘వైన్స్’ అని రాసి ఉంటుంది. లోపల అన్నీ ఉంటాయి, వైను తప్ప.

చట్టం లేదా అంటే ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు మించొద్దంది. కాకపోతే కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్లుండాలంది. అంతకన్నా తక్కువైతే వాళ్ల అలుపు చట్టం కంటికి ఆనేది కాదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. ఇప్పుడు ఒకే షెడ్డులో పంతొమ్మిది మంది ఒకేసారి సొమ్మసిల్లినా అది ఫ్యాక్టరీ కాదు. ఇరవయ్యోవాడు పడిపోతే చూద్దాం.

మత్తుకు మాత్రం కొలత పక్కాగా ఉంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. చౌరస్తాలో పోలీసు మిషను ముందుపెట్టి ‘ఊదు తమ్మీ’ అంటాడు. రాత్రంతా సాంచాల మధ్య తిరిగి, రెప్పలు వాలిపోతుంటే టీవీఎస్ ఎక్సెల్ మీద ఇంటికి పోయేవాణ్ణి కూడా ఆపి ఊదమంటాడు. మిషను మీద సున్నా వస్తుంది. ‘మంచిది, పో’ అంటాడు. నిద్రలో బండి నడుపుతున్నవాడికి సర్టిఫికెట్ ఇచ్చి సాగనంపే యంత్రం అది. అలుపును కొలిచే మిషను ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టినా టెండరు ఎవరూ పిలవరు, ఎందుకంటే దాని ముందు మొదట ఊదాల్సింది కార్మికుడు కాదు, షిఫ్టు.

వెనకటికి ఇంగ్లండులో నేతగాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు చాలామంది సోమవారం పనికి పోయేవాళ్లు కాదు. ఆదివారం తాగింది దిగాలి కదా. దానికి ‘సెయింట్ మండే’ అని ఒక పుణ్యపురుషుడి పేరు తగిలించి మరీ పండుగ చేసుకున్నారు. అంటే అక్కడ తాగుడు కనీసం ఒక సెలవైనా సంపాదించి పెట్టింది. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతపు ద్రాక్షతోటల్లో కూలిలో భాగంగా రోజూ వైను పోసేవాళ్లు. డాప్ పద్ధతి అనేవాళ్లు దాన్ని. మందు దుకాణాల్లో కూలి పంచకూడదని బ్రిటన్ 1883లో చట్టమే చేయాల్సి వచ్చింది. మనం వీళ్లందరికన్నా నాగరికులం. కూలిని షెడ్డులోనే నోట్లుగా చేతిలో పెడతాం. ఆ నోట్లు చీకటి పడేసరికి వైన్సు కౌంటరు దాటుతాయి, అక్కణ్ణుంచి ఖజానా తోవ పడతాయి. మధ్యలో కార్మికుడు చేసేది హమాలీ పని. నోట్లను షెడ్డు నుంచి వైన్సు దాకా మోస్తాడు.

ఖజానా లెక్క వింటే ముట్టనివాడికి కూడా కిక్కెక్కుతుంది. తెలంగాణ రాష్ట్రంలో 2,620 మద్యం దుకాణాలు. 2023లో వాటికి దరఖాస్తు ఫీజు 2 లక్షలు. లాటరీలో షాపు తగలకపోయినా ఫీజు తిరిగి రాదు. 1.31 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి, 2,600 కోట్లకు పైగా రాలాయి. 2025లో ఫీజు 3 లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేలకు పడిపోయాయి, రాబడి మాత్రం 2,850 కోట్లు దాటింది. ఇదంతా ఒక్క సీసా మూత తీయకముందు, ఒక్క చుక్క గొంతు దిగకముందు. వట్టి ఆశకే ఇంత ధర పలికితే అసలు సరుకు సంగతి చెప్పాలా? ఎక్సైజు సుంకం, వ్యాట్ కలిపి ఏటా 30 వేల కోట్ల పైమాటే. 2023లో ఒక పార్టీ సర్కారు, 2025లో ఇంకో పార్టీ సర్కారు. లేబులు మారింది, సీసా అదే.

నూలు జీఎస్టీలో ఉంది. బీడీ జీఎస్టీలో ఉంది. అలిసినవాడు రాసుకునే నొప్పుల నూనె కూడా జీఎస్టీలో ఉంది. తాగే మద్యం మాత్రం బయట. రాష్ట్రాల హక్కులు, రాష్ట్రాల హక్కులు అని నాయకులు గొంతు చించుకుంటే ఏవో అనుకుంటాం. అన్ని పార్టీల సర్కార్లూ ఒక్క మాట మీద నిలబడి కాపాడుకున్న హక్కు ఇదే.

కొత్త పాలసీలో దుకాణాలకు రిజర్వేషన్లున్నాయి. గౌడ్లకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం. న్యాయమే, కాదనను. సామాజిక న్యాయం వైన్సు కౌంటరు దాకా చక్కగా నడిచొచ్చింది. రోడ్డు దాటి ఎదురు షెడ్డులోకి మాత్రం ఇంకా అడుగు పెట్టలేదు. లోపల చప్పుడు ఎక్కువనేమో.

ఇక ఆడవాళ్ల సంగతి. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మిగతా అందరూ ఇక్కడ ఆగకుండానే పోతారు.

తాగిన మగవాడికి ఇన్ని మాటలు పుట్టించిన ఊళ్లు అలిసిన ఆడమనిషి కోసం ఒక్కటి కూడా ఖర్చు పెట్టలేదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఎటు పోయినా ఇంటి ముందు చాట ఒళ్లో పెట్టుకొని మెడ వంచి కూర్చున్న మనిషి కనిపిస్తుంది. వాకిలి ఊడ్చి, వంట చేసి, పిల్లలను బడికి పంపి కూర్చుంది. తునికాకు తడపాలి, కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, దారం కట్టాలి, మూతి ముడవాలి. అది ఒక్క బీడీ. కూలి వెయ్యి బీడీల లెక్క. వెయ్యి అయ్యేసరికి పొద్దుగూకుతుంది, అప్పుడు మళ్లీ వంట. చుట్టినవాటిని కార్ఖానాకు తీసుకపోతే లెక్క చూసేవాడు కొన్నింటిని ‘ఛాట్’ అని పక్కకు తీసేస్తాడు. వాటికి కూలి లేదు. ఇచ్చిన ఆకు చాలకపోతే తక్కువ పడ్డ ఆకు ఆమే కొనుక్కోవాలి. ఒళ్లెట్లుందమ్మా అని అడిగి చూడండి. ‘ఏముంది బిడ్డా, కూసుండి చేసే పనే కద’ అంటుంది. కూర్చొని చేసే పని కాబట్టి అది అలుపు కాదు. నిలబడి చేసే పని మగవాడిది, కాబట్టి ఆ అలుపుకు కోటరు సాంక్షన్ అవుతుంది. ఇద్దరిలో ఒకరికే ఆ బిల్లు పాసయ్యే ఆఫీసు ప్రతి ఇంట్లోనూ ఉంది.

బీడీ కట్ట మీద 85 శాతం జాగాలో హెచ్చరిక బొమ్మ ఉంటుంది. అది తాగేవాడి కోసం. చుట్టే మనిషి మెడకు, వేళ్లకు, ఊపిరితిత్తులకు హెచ్చరిక ఏ చాట మీదా అచ్చెయ్యలేదు.

సర్కారుకు ఆమె మీద దయ లేదనకండి. బీడీ కార్మికులకు నెలకు 2,016 రూపాయల భృతి ఇస్తోంది. ఆ పదహారు రూపాయలు శుభం కోసం, కట్నాల చదివింపుల పద్ధతిలో. ఇక చిన్న లెక్క వేద్దాం. ఆమె పెనిమిటి రోజుకు నూరు రూపాయలు తాగాడనుకోండి. ఈ ధరల్లో నూరంటే నాలుక తడవడమే. నెలకు 3 వేలు. అందులో పెద్ద ముక్క పన్నే. ముందు తలుపు నుంచి శుభలేఖ లాగా భృతి వస్తుంది, వెనక తలుపు నుంచి సుంకం పోతుంది. ఎక్కడా ఎవరూ మోసం చేయలేదు, అన్నీ జీవోల ప్రకారమే. సంక్షేమానికి నిధులెక్కణ్ణుంచి తెస్తారని ప్రతిపక్షం అసెంబ్లీలో అడుగుతుంటుంది. ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్లు చాటల ముందు మెడ వంచుకొని కూర్చున్నారు. వాళ్ల ఇంటినుంచే.

ఇక మా ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ ముచ్చట ఒక్క ముక్కలో అయిపోతుంది. 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపిస్తామని ప్రతి ఎన్నికలోనూ మాట ఇస్తారు. ఫ్యాక్టరీ తాళం తీయడానికి కమిటీలు, నివేదికలు, అప్పుల లెక్కలు కావాలి. వైన్సు తాళం తీయడానికి లాటరీ చీటీ చాలు.

పని దొరకనోడికి దుబాయి. మా పల్లెల్లో గల్ఫుకు మనిషిని పంపని వాడ వెతికి పట్టుకోవాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఆర్డరుంది. మనవాడి అలుపు అక్కడి సర్కారు కంటికి రోజుకు రెండున్నర గంటలైనా కనిపించింది. కువైట్‌లో 1964 నుంచి మందు బంద్. సౌదీలో మామూలు మనిషికి దొరకదు. దొరకకపోతే మానేస్తారా? దొంగచాటుగా కాచిన సారాకు అక్కడి వలస జీవులు ‘సిద్దీకి’ అని పేరు పెట్టుకున్నారు. అరబ్బీలో నా దోస్తు అని. రేకుల క్యాంపులో, పెండ్లాంబిడ్డలకు దూరంగా, పన్నెండు మంది పండుకునే రూములో అంతకన్నా దగ్గరి దోస్తు ఎవరున్నారు లెండి. సెలవు మీద వచ్చేటప్పుడు కస్టమ్స్ ఒప్పుకునే రెండు లీటర్ల సీసాలు డ్యూటీఫ్రీలో కొనుక్కొస్తాడు. అవ్వకు టైగర్ బామ్ తెస్తాడు. బాపుకు సీసా, అవ్వకు బామ్. ఒకే ఇంట్లో ఒకే అలుపుకు రెండు ప్రిస్క్రిప్షన్లు.

కొందరు పెట్టెల్లో వస్తారు. రాత్రి పండుకున్నోడు పొద్దున లేవలేదని క్యాంపు నుంచి ఫోన్ వస్తుంది. కాగితం మీద సహజ మరణం అని ఉంటుంది. ముప్పై ఐదేళ్లవాడు అలిసి నిద్రలో పోవడం ఏ ప్రకృతి ప్రకారం సహజమో ఆ కాగితం మీద ఉండదు. గల్ఫులో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలిస్తామని 2024లో రాష్ట్రం జీవో తెచ్చింది.

వైన్సు ధర అందనివాడికి కల్లు దుకాణం ఉంది. చెట్టు దిగిన కల్లుతో నాకు పేచీ లేదు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ అయిన చోటే పేచీ. ఆ తేడా పూడ్చడానికి అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. డాక్టరు చీటీ మీద నిద్రకు, ఆందోళనకు రాసే మందులు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగితే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆస్పత్రులకు మనుషులు వణుకుతూ, అరుస్తూ, పొంతన లేకుండా మాట్లాడుతూ వచ్చారు. సర్కారు వాళ్లకు కల్లు మాన్పించానని అనుకుంది. వాళ్లకు తప్పిపోయింది నిద్ర. మంచి పని, మంచి కూలి, ఎనిమిది గంటల నిద్ర ఎవరూ ఇవ్వలేదు కాబట్టి వాళ్లు దాన్ని సీసా లెక్కన కొనుక్కుంటున్నారు.

మా దగ్గర ‘మందు తాగిండు’ అంటే వినేవాడు వెంటనే ‘ఏ మందు?’ అని అడుగుతాడు. ఒక జవాబుకు నవ్వుతారు, ఇంకో జవాబుకు అంబులెన్సుకు ఫోన్ చేస్తారు. సిరిసిల్లను ‘ఉరిసిల్ల’ అని పిలిచిన రోజులు ఆ ఊరు మరిచిపోలేదు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చాక సాంచాలకు చేతినిండా పని దొరికింది. 2024లో ఆ ఆర్డరు ఆగింది, సాంచాలు ఆగాయి, ఆత్మహత్యల వార్తలు మళ్లీ మొదలయ్యాయి. తరవాత మహిళా సంఘాల చీరల ఆర్డరిచ్చారు. ఒక సర్కారు చీర దిగి ఇంకో సర్కారు చీర సాంచా ఎక్కేలోపు ఎన్ని కుటుంబాలు ఏమయ్యాయో పేపర్లు తిరగేస్తే తెలుస్తుంది. ఆ ఖాళీ నెలల్లో గిరాకీ లేక సిరిసిల్లలో ఒక్క వైన్సు మూతపడిందని మాత్రం నేను వినలేదు. అలిసినోడు తాగుతాడనుకున్నాం కదా, పని లేనోడు కూడా తాగుతాడు. ఈ వ్యాపారానికి నష్టం వచ్చే దారి దేవుడు పెట్టలేదు.

1978లో ఇదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో జనం వెట్టి చేయం అన్నారు. సెప్టెంబరులో జగిత్యాలలో వేలమంది కదిలారు, దాన్ని జైత్రయాత్ర అన్నారు. ఆ ఏడాదే సర్కారు రెండింటినీ కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. అప్పుడూ మనుషులు అలిసే ఉన్నారు. తేడా ఏమిటంటే ఈ అలుపు ఎందుకని అడిగేవాళ్లు, తాగి ఊరుకునేవాళ్లు కాదు. ఇప్పుడు రాత్రి తొమ్మిది దాటాక జగిత్యాల మీద కలెక్టరు గారు కిటికీలోంచి చూస్తే అంతా ప్రశాంతం. అక్కడక్కడా మోరీ పక్కన ఒకరిద్దరు మరీ ప్రశాంతంగా ఉంటారు.

పెద్దాయన ఎన్టీఆర్ కాలంలో వారుణి వాహిని పేరుతో సర్కారే సారా ప్యాకెట్లు సరఫరా చేసింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కొంగు బిగించాక 1993 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995 జనవరిలో ఆ ఎన్టీఆరే సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1997లో ఆయన అల్లుడు ఎత్తేశారు. మామ పోసింది మామే పారబోశాడు, అల్లుడొచ్చి మళ్లీ సీసాకెత్తాడు. అప్పటినుంచి ఎవరూ పారబోసే ధైర్యం చేయలేదు. నేను కూడా నిషేధం పెట్టమని అడగడం లేదు. నిషేధంలో గుడుంబా ఎట్లా పారిందో చూసిన తరం మాది.

పై సర్కారును చూసి కింది సర్కారు నేర్చుకుంది. జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల్లో కొన్ని పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి. ఏ చట్టంలోనూ లేవు గానీ ఊళ్లో వాటి మాటే చట్టం. అవి బెల్టు షాపుకు వేలంపాట పెడతాయి. ఎక్కువ పాడినవాడే ఊళ్లో మందు అమ్మాలి. బెల్టు షాపు చట్టవిరుద్ధం, దానికి వేలం పెట్టడం ఇంకో విరుద్ధం, రెండూ కలిస్తే గ్రామాభివృద్ధి. వచ్చిన పైసలతో గుడికి రంగులు, చౌరస్తాకు లైట్లు. పల్లె తాగినకొద్దీ పల్లెకు వెలుగు. హైదరాబాద్‌లో ఐఏఎస్‌లు నడిపే సర్కారు మద్యం కార్పొరేషన్‌కూ ఈ కమిటీకీ తేడా ఒక్కటే, కమిటీ పెద్దమనుషులకు పెన్షన్ రాదు.

2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి. అక్టోబరు 2. తెలంగాణలో దసరా అంటే జమ్మి, పాలపిట్ట, వేటమాంసం, మందు. గాంధీ జయంతి అంటే వైన్సు బంద్. ఏ రాజ్యాంగ నిపుణుడూ తేల్చలేని సమస్య. జనం ఒక్కరోజు ముందే తేల్చేశారు, ఒకటో తారీఖున వైన్సుల ముందు క్యూలు కట్టి. బాపూజీకి గౌరవంగా షట్టర్లు రెండో తారీఖున మూతపడ్డాయి, సీసాలు అప్పటికే ఇండ్లల్లో తెరుచుకున్నాయి. ముందురోజు కొనడానికి పైసలు లేనివాళ్లకోసం బెల్టు షాపులు పండుగపూట కూడా ప్రజాసేవలో ఉన్నాయి, కొంచెం ఎక్కువ ధరకు.

ఎక్సైజు అధికారులను, వైన్సు ఓనర్లను తిట్టి లాభం లేదు. వాళ్లు రెండో మెట్టు మీద కూర్చొని చిల్లర లెక్కపెట్టేవాళ్లు. మొదటి మెట్టు షిఫ్టు. పనివాళ్లు ఇరవైమంది లేని షెడ్డులో కూడా రోజుకు ఎనిమిది గంటలే అని, దానికి పన్నెండు గంటల కూలి వచ్చేలా మీటరు రేటు కట్టి, ఛాట్ పేరుతో బీడీలు ఏరేసే పద్ధతి ఆపి, ఒక్క ఏడాది అమలు చేసి చూడమనండి. దరఖాస్తు ఫీజుగా వచ్చిన 2,850 కోట్లలో ఒక మూల తీసినా సరిపోతుంది. ఆ ఏడాది మద్యం రాబడి ఎంత పడిపోతుందో ఆర్థిక శాఖకు నాకన్నా బాగా తెలుసు. అందుకే చేయరు.

ఇప్పటి వైన్సు లైసెన్సుల గడువు 2027 నవంబరు 30 దాకా ఉంది. తరవాతి లాటరీలో అదృష్టం పరీక్షించుకోవాలనుకునే పాఠకులు ఇప్పటినుంచే పైసలు కూడబెట్టుకోండి. పోయినసారి ఫీజు 3 లక్షలు. తిరిగి ఇవ్వరు.